నైట్రోజన్ దగ్గరి రెండు ఎలక్ట్రాన్లు

చేపల పులుసులో చింతపండు పడితే నీచు వాసన ఎందుకు తగ్గుతుంది?

పులుపు ఆ వాసనను కప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అది కాదు. వాసనకు మూలమైన పదార్థాన్నే చింతపండు వేరే పదార్థంగా మార్చేస్తుంది.

వంజరం, చందువా లాంటి సముద్రపు చేపలు తమ కండలో ట్రైమిథైల్ఎమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని నిలవ ఉంచుకుంటాయి. ఉప్పునీటిని, లోతుల్లోని ఒత్తిడిని తట్టుకోవడానికి అది వాటికి సాయపడుతుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా ఆ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను తీసేస్తుంది. మిగిలేది ట్రైమిథైల్ఎమీన్. అది 3 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది కాబట్టి మన ఇళ్లలోని వేడికి వాయువుగానే ఉంటుంది. గాలిలో అతి కొద్దిగా ఉన్నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. శీలావతి, బొచ్చె లాంటి మంచినీటి చేపల్లో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ. చెరువు చేపకు ఒక్కోసారి మట్టివాసన వస్తుంది, కానీ దానికి కారణం వేరు, ఎమీన్ కాదు.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. ఆమ్లం పని ప్రోటాన్‌ను ఇవ్వడం. ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైడ్రోజన్. ట్రైమిథైల్ఎమీన్ ఆ ప్రోటాన్‌ను అందుకుని ధనావేశం ఉన్న అయాన్ అవుతుంది, టార్టారిక్ ఆమ్లంతో లవణం కట్టి పులుసు నీళ్లలోనే ఉండిపోతుంది. ఆవేశం ఉన్న అయాన్ నీటిని వదిలి గాలిలోకి లేవలేదు. గాలిలోకి లేవనిది ముక్కుకు అందదు.

లెక్క వేసి చూస్తే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. నీటిలో ట్రైమిథైల్ఎమీన్ సగం అయాన్‌గా, సగం స్వేచ్ఛగా ఉండే పీహెచ్ 9.8. అక్కడి నుంచి పీహెచ్ ఒక్కో అంకె తగ్గేకొద్దీ స్వేచ్ఛగా ఉన్న భాగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. చేప కండ పీహెచ్ 7 దగ్గర ఉందనుకుంటే వెయ్యి అణువుల్లో ఒకటి రెండు స్వేచ్ఛగా ఉంటాయి. వాసన రావడానికి అవే చాలు. పులుసు పీహెచ్ 4 దగ్గరికి దిగితే పది లక్షల్లో ఒకటి రెండే మిగులుతాయి. అంటే గాలిలోకి లేవగలిగిన ఎమీన్ వెయ్యో వంతుకు తగ్గిపోయింది. నిమ్మకాయ పిండినా ఇదే జరుగుతుంది.

చేపలు కడిగిన చేతుల్ని సబ్బుతో రుద్దినా వాసన మొండిగా ఉండటానికి కారణమూ ఇక్కడే ఉంది. మామూలు సబ్బు నీళ్లు క్షారం. క్షారంలో ఎమీన్ అయాన్‌గా మారదు సరికదా, అయాన్‌గా ఉన్నది కూడా ప్రోటాన్‌ను వదిలేసి మళ్లీ వాసనగల ఎమీన్ అవుతుంది. ముందు నిమ్మచెక్కతో రుద్ది నీళ్లతో కడిగి, ఆ తర్వాత సబ్బు వాడండి.

ఇంతకీ ఎమీన్ అంటే ఏమిటి?

అమ్మోనియాలో ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని స్థానంలోకి కార్బన్ గుంపు వస్తే ప్రైమరీ ఎమీన్, రెండింటి స్థానంలోకి వస్తే సెకండరీ, మూడూ పోయి మూడు కార్బన్ గుంపులు చేరితే టెర్షియరీ. మన ట్రైమిథైల్ఎమీన్ టెర్షియరీ.

ఇంటర్ పుస్తకంలో ఈ వర్గీకరణ మొదటి పేజీలోనే ఉంటుంది, దాని వెనకాలే పరీక్షల పేర్లు, చర్యల పట్టికలు వరస కడతాయి. పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరిచిపోతారు. నా అభిప్రాయంలో బట్టీ పట్టాల్సింది ఇందులో చాలా తక్కువ. నైట్రోజన్‌కు బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లు. మూడు, బంధాలు కట్టడానికి ఖర్చవుతాయి. మిగిలిన రెండూ ఎవరితోనూ పంచుకోకుండా జంటగా ఉండిపోతాయి. ఈ ఒంటరి జంట తీరికగా ఉందా, వేరే పనిలో ఉందా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఎమీన్ల ప్రవర్తనలో చాలా భాగం అర్థమవుతుంది. పులుసులో ప్రోటాన్‌ను పట్టుకున్నది కూడా ఈ జంటే.

ఒకే బరువున్న మూడు ఎమీన్లు మూడు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ఎందుకు మరుగుతాయి?

మూడు కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్. వీటితో ప్రొపైల్ఎమీన్ కడితే అది 48 డిగ్రీలకు మరుగుతుంది. అవే పరమాణువులతో ఇథైల్ మిథైల్ ఎమీన్ కడితే సుమారు 37 డిగ్రీలకు, ట్రైమిథైల్ఎమీన్ కడితే 3 డిగ్రీలకు. ద్రవంలో ఒక అణువు నైట్రోజన్ మీది హైడ్రోజన్, పక్క అణువు ఒంటరి జంటను ఆకర్షిస్తుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ప్రైమరీలో ఇలాంటి హైడ్రోజన్లు రెండు, సెకండరీలో ఒకటి. టెర్షియరీలో అసలు లేవు కాబట్టి దాని అణువులకు ఇలా ఒకదాన్నొకటి పట్టుకునే దారి లేదు. నీచు వాసన అంత త్వరగా ఇల్లంతా పాకడానికి ఇదీ ఒక కారణం. ఇక ఇంచుమించు అంతే బరువున్న ప్రొపైల్ ఆల్కహాల్ 97 డిగ్రీల దాకా మరగదు. నైట్రోజన్ కంటే ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగా లాగుతుంది, దాని హైడ్రోజన్ బంధం కూడా అంత గట్టిది.

మిథైల్ గుంపులు పెరిగితే క్షారబలం పెరగాలి కదా, మూడోది చేరాక ఎందుకు తగ్గుతుంది?

ఈ ప్రశ్నకు కాస్త ఓపిక కావాలి, ఎందుకంటే సమాధానం ఎమీన్‌లో సగమే ఉంది. మిగతా సగం నీటిలో ఉంది.

మిథైల్ గుంపు తన ఎలక్ట్రాన్లను నైట్రోజన్ వైపు కొంచెం నెడుతుంది. దాంతో ఒంటరి జంట ప్రోటాన్‌ను పట్టుకోవడానికి మరింత సిద్ధంగా ఉంటుంది. ఈ లెక్కన మిథైల్ గుంపులు ఎన్ని ఎక్కువైతే క్షారం అంత బలంగా ఉండాలి. వాయు స్థితిలో కొలిస్తే సరిగ్గా అలాగే ఉంది: టెర్షియరీ అన్నిటికంటే బలమైనది, తర్వాత సెకండరీ, ప్రైమరీ, చివర అమ్మోనియా.

నీటిలో కొలిస్తే వరస మారిపోతుంది. పీకేబీ విలువ ఎంత తక్కువైతే క్షారం అంత బలమైనది. డైమిథైల్ఎమీన్‌కు అది 3.27, మిథైల్ఎమీన్‌కు 3.38, ట్రైమిథైల్ఎమీన్‌కు 4.22, అమ్మోనియాకు 4.75. ప్రోటాన్‌ను అందుకున్నాక ఏర్పడిన అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టి నిలబెడతాయి. అవి పట్టుకునేది నైట్రోజన్ మీది హైడ్రోజన్లను. మిథైల్ఎమీన్ అయాన్‌లో అలాంటి హైడ్రోజన్లు మూడు, డైమిథైల్‌లో రెండు, ట్రైమిథైల్‌లో ఒక్కటే. దాని చుట్టూ మూడు మిథైల్ గుంపులు అడ్డం కూడా. ఎలక్ట్రాన్లను నెట్టడం వల్ల వచ్చిన లాభం, నీటి ఆసరా పోవడం వల్ల వచ్చిన నష్టం రెండూ కలిసి చూస్తే మధ్యలో ఉన్న సెకండరీ గెలిచింది. క్షారబలం ఒక్క అణువు సొంత గుణం కాదని, అది ఏ ద్రావణిలో ఉందో చెప్పకుండా ఆ మాట అనకూడదని ఈ నాలుగు అంకెలు నేర్పుతాయి.

ఎనిలీన్ అంత బలహీనం ఎందుకు?

దాని పీకేబీ 9.38. మిథైల్ఎమీన్‌తో పోలిస్తే పది లక్షల రెట్లు బలహీనమైన క్షారం. ఎనిలీన్‌లో నైట్రోజన్ బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంది. ఒంటరి జంట నైట్రోజన్ దగ్గరే కూర్చోకుండా వలయంలోకి విస్తరిస్తుంది. ప్రోటాన్ వచ్చి అడిగితే ఇవ్వడానికి ఆ జంటకు తీరిక లేదు.

నైట్రోజన్ పోగొట్టుకున్నది వలయానికి చేరింది. అందుకే మామూలు బెంజీన్‌ను బ్రోమిన్ నీటిలో ఎంత కదిపినా ఏమీ కాదు కానీ, ఎనిలీన్‌లో అదే బ్రోమిన్ నీరు పోస్తే వెంటనే తెల్లటి అవక్షేపం దిగుతుంది. వలయంలో మూడు చోట్ల బ్రోమిన్ చేరిపోతుంది. ఒక్క చోటే కావాలంటే ముందు ఎనిలీన్‌ను ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో ఎసిటనిలైడ్‌గా మార్చాలి. అప్పుడు ఒంటరి జంటను పక్కనున్న కార్బొనిల్ గుంపు (ఆక్సిజన్‌తో రెండు బంధాలున్న కార్బన్) కూడా తన వైపు లాక్కుంటుంది, వలయానికి అందే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, బ్రోమిన్ ఎక్కువగా ఎదుటి మూలలో ఒక్కటే చేరుతుంది. ఆ పని అయ్యాక ఎసిటైల్ గుంపును నీటితో విడగొట్టేస్తారు.

ఎనిలీన్‌ను మొదట వేరు చేసింది 1826లో ఒట్టో ఉన్‌ఫెర్డోర్బెన్. ఆయన బట్టీ పెట్టింది నీలిమందును. కడప, నెల్లూరు ప్రాంతాల రైతులు పండించిన నీలిమందు అప్పట్లో ఎగుమతి సరుకు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ క్వినైన్ తయారు చేయబోయి, ఎనిలీన్ నుంచి మావ్ అనే ఊదారంగును తెచ్చాడు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి బజారుకొచ్చింది. అది కూడా వలయం మీద ఎమీన్ గుంపు ఉన్న ఆంత్రనిలిక్ ఆమ్లం మీదుగా తయారైనదే. ఆ తర్వాత కొన్నేళ్లలోనే మన నీలి సాగు కుప్పకూలింది. నీలిమందు నుంచి పుట్టిన రసాయనం నీలి రైతు పొట్ట కొట్టింది. ఎనిలీన్ పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

ఎమీన్ నుంచి రంగులు ఎలా పుడతాయి? మంచు ఎందుకు కావాలి?

సోడియం నైట్రైట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపితే నైట్రస్ ఆమ్లం వస్తుంది. కార్బన్ గొలుసు మీద ఉన్న ప్రైమరీ ఎమీన్‌కు దీన్ని తగిలిస్తే బుడబుడమని నైట్రోజన్ వాయువు బయటికొస్తుంది, ఆల్కహాల్ మిగులుతుంది. బెంజీన్ వలయం మీద ఉన్న ప్రైమరీ ఎమీన్‌కు తగిలిస్తే మాత్రం, 0 నుంచి 5 డిగ్రీల మధ్య, డైఎజోనియం లవణం నిలుస్తుంది. రెండు నైట్రోజన్ల ఆ గుంపును వలయంలోని ఎలక్ట్రాన్లు కొంత ఆదుకోవడమే దీనికి కారణం. వేడెక్కితే ఆ ఆసరా చాలదు, నైట్రోజన్ లేచిపోయి ఫినాల్ మిగులుతుంది. మంచు కావాల్సింది ఇందుకే. ఈ లవణాలను 1858లో పీటర్ గ్రీస్ కనిపెట్టాడు.

ఈ చల్లని ద్రావణాన్ని క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో పోస్తే ఎర్రనారింజ రంగు కళ్లముందే విచ్చుకుంటుంది. రెండు వలయాల మధ్య రెండు నైట్రోజన్లు వంతెనగా నిలిచిన వీటినే ఎజో రంగులు అంటారు.

పసుపు పొడిలో దొంగతనంగా కలిపే మెటానిల్ ఎల్లో కూడా ఎజో రంగే. ఆహారంలో దానికి అనుమతి లేదు. నీళ్లలో కలిపిన పసుపుకు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే గులాబి రంగు వస్తుంది. నీళ్లు ఎక్కువ పోసినప్పుడు ఆ గులాబి పోతే అది పసుపుదే, నిలిచిపోతే మెటానిల్ ఎల్లో ఉన్నట్టు. ప్రోటాన్ ఎజో వంతెనలోని నైట్రోజన్‌ను పట్టుకోగానే రెండో చివర ఉన్న ఎమీన్ నైట్రోజన్ తన ఒంటరి జంటను అణువంతా పరుస్తుంది. అణువు మింగే కాంతి మారిపోతుంది, కంటికి కనిపించే రంగూ మారుతుంది. ఈ పరీక్ష ప్రయోగశాలలో చేయాల్సినది, గాఢ ఆమ్లాన్ని వంటింట్లోకి తేవద్దు.

మాత్రల పట్టీ మీద హైడ్రోక్లోరైడ్, మేలియేట్, ఫాస్ఫేట్ అని ఎందుకు రాస్తారు?

ఇంట్లో ఉన్న పట్టీలు తీసి చూడండి. మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్, క్లోర్‌ఫెనిరమైన్ మేలియేట్, క్లోరోక్విన్ ఫాస్ఫేట్. మందుల్లో చాలా వాటిలో క్షారగుణం ఉన్న నైట్రోజన్ ఉంటుంది. స్వేచ్ఛగా ఉన్న ఎమీన్ తరచు జిడ్డుగానో, నీటిలో సరిగా కరగకుండానో ఉంటుంది, గాలి తగిలితే కొన్ని రంగు మారతాయి కూడా. తగిన ఆమ్లంతో లవణం చేస్తే పొడిగా, స్ఫటికంగా, నిలవ ఉండేలా, నీటిలో కరిగేలా తయారవుతుంది. పులుసులో జరిగిన చర్యే ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో జరిగింది.

మరి పారాసెటమాల్ పట్టీ మీద హైడ్రోక్లోరైడ్ అని ఎందుకు ఉండదు? దానిలోనూ నైట్రోజన్ ఉంది. కానీ ఆ నైట్రోజన్ పక్కనే కార్బొనిల్ గుంపు ఉంది, ఒంటరి జంట అటువైపు మొగ్గి ఉంది. అది ఎమీన్ కాదు, ఎమైడ్. ఆమ్లంతో లవణం కట్టదు. పారా ఎమినోఫినాల్‌కు ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ను తగిలించి పారాసెటమాల్ తయారు చేస్తారు. అంటే ఇందాక ఎనిలీన్‌ను అదుపు చేయడానికి వాడిన చర్యే.

చీము పట్టిన పంటికి మత్తు సూది ఎందుకు సరిగా పనిచేయదు?

నాకు ఎమీన్ల అధ్యాయమంతటిలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. పంటి డాక్టరు ఇచ్చే లిగ్నోకెయిన్ ఒక టెర్షియరీ ఎమీన్. అది సగం అయాన్‌గా, సగం స్వేచ్ఛగా ఉండే పీహెచ్ 7.9. నరం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆవేశం లేని ఎమీన్ ఆ పొరను దాటుతుంది, అయాన్ దాటలేదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలం పీహెచ్ 7.4 దగ్గర నూటికి 24 వంతుల మందు స్వేచ్ఛగా ఉండి లోపలికి వెళ్లగలదు. చీము పట్టిన చోట ఆమ్లత్వం పెరుగుతుంది. పీహెచ్ 6.4కు దిగిందనుకుంటే నూటికి 3 వంతులే మిగులుతాయి. మందు అంతే ఇచ్చినా లోపలికి చేరేది ఎనిమిదో వంతు.

పొర దాటి లోపలికెళ్లాక కథ తిరగబడుతుంది. అక్కడ ఆ ఎమీన్ మళ్లీ ప్రోటాన్‌ను అందుకుని అయాన్‌గా మారి, నొప్పి సంకేతం సాగడానికి నరం తెరిచే సోడియం ద్వారాన్ని లోపలి నుంచి మూసేస్తుంది. దాటడానికి ఒక రూపం, పనిచేయడానికి మరో రూపం. ఒంటరి జంట ప్రోటాన్‌ను అవసరానికి వదిలి, అవసరానికి పట్టుకోగలదు కాబట్టే ఇది సాధ్యమైంది. వాపు ఉన్నప్పుడు డాక్టరు ముందు యాంటీబయాటిక్ ఇచ్చి చీము తీసేయడానికో, కొంచెం దూరంగా నరం మొదట్లో సూది వేయడానికో చూస్తే కారణం ఇదని గుర్తుపెట్టుకోండి.

2018లో బీపీ మాత్రలను ఎందుకు వెనక్కి పిలిపించారు?

నైట్రస్ ఆమ్లంతో సెకండరీ ఎమీన్ కలిస్తే వాయువూ రాదు, డైఎజోనియమూ రాదు. నైట్రోసెమీన్ వస్తుంది. డైమిథైల్ఎమీన్ నుంచి వచ్చే నైట్రోసోడైమిథైల్ఎమీన్ ఎలుకల కాలేయంలో క్యాన్సర్ కలిగిస్తుందని 1956లోనే మేగీ, బార్న్స్ చూపించారు. 2018లో వల్సార్టన్ అనే బీపీ మందులో అదే దొరికింది. తయారీలో వాడిన డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి విడిపోతే డైమిథైల్ఎమీన్ ఇస్తుంది. తయారీలోనే వాడగా మిగిలిపోయిన ఎజైడ్ అనే రసాయనాన్ని నాశనం చేయడానికి అదే పాత్రలో సోడియం నైట్రైట్, ఆమ్లం వేశారు. పాఠ్యపుస్తకంలో ఉన్న చర్య పాత్రలో జరిగిపోయింది. ఆ తర్వాత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పదార్థానికి పెట్టిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు. హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమలో పనిచేసే కెమిస్టులకు ఇప్పుడు నైట్రోసెమీన్ల ముప్పును అంచనా వేయడం నిత్యకృత్యం. డిగ్రీ తరగతిలో ఆ ఒక్క చర్యను కారణంతో సహా నేర్చుకున్నవాళ్లు ఆ పాత్రలో ఏం కలుస్తోందో ముందే అడగగలరు.

ఒకే అణువులో మూడు నైట్రోజన్లుంటే ఆమ్లం దేన్ని పట్టుకుంటుంది?

దీనికి నేను ఎంచుకునే ఉదాహరణ డైఇథైల్‌కార్బమజైన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచి 1947లో వెలువడిన బోదకాలు మందు ఇది. ఆ మరుసటి ఏడే ఆయన చనిపోయారు.

దీనిలో పిపరజీన్ వలయం ఉంది. నాలుగు కార్బన్లు, ఎదురెదురుగా రెండు నైట్రోజన్లు. ఒక నైట్రోజన్ మీద మిథైల్ గుంపు. రెండో నైట్రోజన్ కార్బొనిల్‌కు అతుక్కుంది, ఆ కార్బొనిల్ అవతలి వైపు రెండు ఇథైల్ గుంపులతో మూడో నైట్రోజన్ ఉంది. ఇప్పుడు మన ప్రశ్న వేసుకోండి: ఎవరి జంట తీరికగా ఉంది? కార్బొనిల్‌కు చెరోవైపు ఉన్న రెండు నైట్రోజన్ల జంటలూ దాని వైపు మొగ్గి ఉన్నాయి. మిథైల్ గుంపు ఉన్న నైట్రోజన్ ఒక్కటే ఖాళీగా ఉంది. ప్రోటాన్ అక్కడికే వెళుతుంది. నిమ్మపులుపులో ఉండే సిట్రిక్ ఆమ్లంతో లవణం కట్టి, డైఇథైల్‌కార్బమజైన్ సిట్రేట్ పేరుతో మాత్రగా వస్తుంది.

బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ప్రభుత్వం సామూహికంగా పంచుతున్న డీఈసీ మాత్రలు ఇవే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. మిగతావారు, ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చినప్పుడు వాటిని డబ్బాలో దాచకుండా, ఏదైనా తిన్నాక, ఆమె ముందే వేసుకోండి.